బ్రేకు బిగిస్తే కాలిని తిట్టకండి

కారు బ్రేకు తొక్కుతుంటే కాలి కింద బండరాయి పెట్టినట్టు అనిపిస్తోందా? అయితే ముందు మీ కాలిని తిట్టుకోవడం ఆపండి. "నీకింకా అలవాటు కాలే" అని ఇంట్లోవాళ్లు అంటే తలూపి ఊరుకోకండి. ఆ మాట నేను నాలుగు నెలలు విన్నాను. విన్నాను కానీ నమ్మలేదు.

మాది ఎడపల్లి దగ్గర ఊరు. ఒకవైపు బోధన్, ఇంకోవైపు నిజామాబాద్. బాపుకు మోకాలు ఆపరేషన్ అయ్యాక మా పాత డీజిల్ కారు తాళంచెవి నా చేతికొచ్చింది. రోజూ నిజామాబాద్‌లో ఉద్యోగానికి, వారానికోసారి బాపుతో ఆస్పత్రికి, వీలు దొరికితే అమ్మతో బోధన్‌కి. బండి మంచిదే. సెల్ఫ్ కొడితే ఒక్కసారికే స్టార్టవుతుంది. బ్రేకు మాత్రం సీటుకు వీపు ఆనించి, పళ్లు బిగించి తొక్కాలి.

ఇంట్లో చెప్తే బాపు నవ్వాడు. "పన్నెండేండ్ల సంది నేను తొక్కుతలేనా బిడ్డా? నాకెన్నడు గట్ల అనిపియ్యలే. నీ కాళ్ల బలం లేదు, జర మంచిగ తిను" అన్నాడు. మా తమ్ముడైతే "అక్కా, నీకు ఆటోమేటిక్ కారే కరెక్టు" అని తేల్చేశాడు. ఆటోమేటిక్‌లో లేనిది క్లచ్చే కానీ బ్రేకు కాదని వాడికెవరు చెప్పాలి?

ఒకరోజు ఆఫీసులో ఫ్రెండు కారు పార్కింగ్‌లోంచి తీయాల్సి వచ్చింది. బ్రేకు మీద కాలు పెట్టానో లేదో బండి టక్కున ఆగింది. అదే కాలు, అదే చెప్పు. అంటే తేడా నా కాలిలో లేదు, మా బండిలోనే ఉంది.

నిజామాబాద్‌లో ఒక షాపులో చూపించాం. ప్యాడ్లు అరిగాయన్నారు, మార్చారు, బిల్లు కట్టాం. బ్రేకు మళ్లీ అంతే గట్టి. "కొత్త ప్యాడ్లు మేడం, సెట్ కావడానికి టైం పడుతుంది" అన్నారు.

ఆ టైం రాలేదు గానీ డిసెంబరు వచ్చింది. చెరకు కొట్టే కాలం. బాపును ఆస్పత్రి నుంచి తీసుకొస్తున్నాను. సాయంత్రం, జానకంపేట దాటాక, ముందు పోతున్న చెరకు ట్రాక్టరు ఉన్నట్టుండి ఆగింది. ట్రాలీ వెనక లైటు లేదు, రేడియం స్టిక్కరు లేదు. గడలు రోడ్డు మీదికి వేలాడుతున్నాయి. రెండు కాళ్లూ పెట్టి బ్రేకు మీద నిలబడ్డంత పని చేశాను. బండి ఆగింది. మా బానెట్‌కీ చెరకు గడలకీ మధ్య జానెడు సందు.

పక్క సీట్లో బాపు చాలాసేపు మాట్లాడలేదు. ఇంటికొచ్చాక "పొద్దుగాల పెద్దబాపును పిలువు" అన్నాడు.

చక్కెర వండిన మనిషికి తెలిసిన లెక్క

మా పెద్దబాపు మెకానిక్ కాదు. బోధన్ శక్కర్‌నగర్‌లోని నిజాం షుగర్ ఫ్యాక్టరీలో పాన్ సెక్షన్‌లో పనిచేసినాయన. 1937లో మొదలై, ఒకప్పుడు ఆసియాలోనే అతి పెద్దదని పేరు తెచ్చుకున్న ఫ్యాక్టరీ అది. 2002లో ప్రైవేటు చేతుల్లోకి వెళ్లింది. 2015 డిసెంబరులో లాకౌట్ పడింది. గేటు మూతపడ్డాక కూడా ఆయన మాటల్లో పాన్లు ఉడుకుతూనే ఉంటాయి.

చెరకు రసం చిక్కబడ్డాక దాన్ని చక్కెర పలుకుగా మార్చేది పెద్ద పెద్ద మూతపెట్టిన పాన్లలో. మామూలు కడాయిలో మరిగిస్తే అంత వేడికి చక్కెర మాడి రంగు తిరుగుతుంది. అందుకని పాన్ లోపలి గాలిని లాగేస్తారు. గాలి ఒత్తిడి తగ్గితే 65–70 డిగ్రీల దగ్గరే పాకం ఉడుకుతుంది. 1810ల్లో ఇంగ్లండ్‌లో ఎడ్వర్డ్ చార్లెస్ హోవార్డ్ కనిపెట్టిన పద్ధతి ఇది. దీన్నే వాక్యూమ్ పాన్ అంటారు. పెద్దబాపు ఉద్యోగమంతా ఆ వాక్యూమ్ గేజీ ముల్లును చూస్తూనే గడిచింది. ముల్లు పడిపోయిందంటే వేడి పెరుగుతుంది, సరుకు చెడుతుంది.

ఆయన బానెట్ లేపించి, డ్రైవరు ఎదురుగా అడ్డరేకుకు బిగించి ఉన్న నల్లటి గుండ్రటి డబ్బాను వేలితో తట్టాడు. మూతపెట్టిన దోసె పెనంలా ఉంటుంది అది.

"గీ డబ్బాల వాక్యూమ్ నిలుస్తుందా లేదా, అది చూసిండ్రా ఎవలన్న?"

ఎవరూ చూడలేదు. అందరూ చక్రాల దగ్గరే వెతికారు.

ఆ నల్ల డబ్బా ఏం చేస్తుంది?

దాని పేరు బ్రేక్ సర్వో. మన షెడ్లలో బూస్టర్ అంటారు. బెల్జియం ఇంజనీరు ఆల్బర్ట్ దెవాండ్ర్ రూపొందించిన ఈ పద్ధతిని బాష్ కంపెనీ 1927లో మార్కెట్లోకి తెచ్చింది. మన దగ్గర మంజీర మీద నిజాంసాగర్ కట్ట లేస్తున్న రోజులవి.

పని చేసే తీరు చెరకు రసం బండి దగ్గర అర్థమవుతుంది. గ్లాసులో స్ట్రా వేసి లాగుతారు కదా. రసాన్ని మన నోరే పైకి లాగుతోందనుకుంటాం. నిజానికి మనం తీసేది స్ట్రాలోని గాలినే. బయటి గాలి గ్లాసులోని రసాన్ని నొక్కి పైకి తోస్తుంది. మన మీద, గ్లాసు మీద, కారు మీద గాలి ఎప్పుడూ బరువు వేస్తూనే ఉంటుంది. చదరపు సెంటీమీటరుకు దాదాపు ఒక కిలో. అన్ని వైపులా సమానంగా ఉంటుంది కాబట్టి మనకు తెలియదు.

బూస్టర్ డబ్బా మధ్యలో రబ్బరు పొర ఒకటి ఉంటుంది. దాన్ని డయాఫ్రం అంటారు. అది డబ్బాను ముందు గది, వెనక గది అని రెండుగా విడదీస్తుంది. ఇంజన్ నడుస్తున్నప్పుడు రెండు గదుల్లోంచీ గాలి బయటికి లాగేస్తారు. కాలు పెట్టనంత సేపు రెండు వైపులా వాక్యూమే, పొర కదలదు. మీరు పెడల్ తొక్కగానే చిన్న వాల్వు తెరుచుకుని వెనక గదిలోకి మాత్రం బయటి గాలి వస్తుంది. ముందు గదిలో ఇంకా వాక్యూమ్. అంతే, బయటి గాలి పొరను ముందుకు తోస్తుంది. ఆ తోపు మీ కాలి బలానికి తోడై మాస్టర్ సిలిండర్‌ను నొక్కుతుంది. అక్కణ్నుంచి బ్రేకాయిల్ ఒత్తిడి నాలుగు చక్రాలకూ పోతుంది.

ఎంత బలం? చిన్న లెక్క. పొర 20 సెంటీమీటర్ల వెడల్పు ఉంటే దాని వైశాల్యం సుమారు 314 చదరపు సెంటీమీటర్లు. రెండు వైపుల ఒత్తిడిలో తేడా చదరపు సెంటీమీటరుకు 0.7 కిలో అనుకుందాం. గుణిస్తే 220 కిలోలు. అంటే మీరు బ్రేకును బలంగా తొక్కినప్పుడు, రెండు వడ్ల బస్తాలకు మించిన బరువు దాకా మీ తరఫున నొక్కగలదన్నమాట. ఆ సాయం పోయిందంటే మీ కాలు ఒంటరిది.

పెట్రోలు కార్లలో ఈ వాక్యూమ్ చాలావరకు ఇంజన్ గాలి పీల్చుకునే గొట్టం నుంచే దొరుకుతుంది. డీజిల్ ఇంజన్‌కు ఆ వసతి లేదు కాబట్టి వేరే వాక్యూమ్ పంపు పెడతారు. కొన్ని పాత డీజిల్ బండ్లలో అది ఆల్టర్నేటర్ వెనకాలే ఉంటుంది. అలాంటి బండిలో బెల్టు తెగిందంటే బ్యాటరీ లైటు వెలగడంతో పాటు కాసేపటికి బ్రేకు కూడా గట్టిపడుతుంది.

ఇంకో మాట. సర్వో వేరు, ఏబీఎస్ వేరు. సర్వో మీ కాలి బలాన్ని పెంచుతుంది. గట్టిగా తొక్కినప్పుడు చక్రాలు బిగుసుకుని జారకుండా చూసేది ఏబీఎస్. "మా బండికి ఏబీఎస్ ఉంది, ఏం కాదు" అంటే కుదరదు. ఆర్టీసీ బస్సు ఆగినప్పుడు వినిపించే "స్స్స్" శబ్దం కూడా వేరే కథ. అక్కడ పని చేసేది గాలిని నొక్కి నింపిన ఎయిర్ బ్రేకు. మన కారులో పని చేసేది గాలిని తీసేసిన డబ్బా.

చాచా పెట్టిన పరీక్ష

పెద్దబాపుకు తెలిసిన పాత మెకానిక్ ఒకాయన ఉన్నాడు. బోధన్ రోడ్డు మీద చిన్న షెడ్డు. అందరూ చాచా అంటారు. ఆయన పానా పట్టే ముందు నన్నే డ్రైవింగ్ సీట్లో కూర్చోమన్నాడు.

"ఇంజన్ బంద్ రఖో బేటా. బ్రేకు ఐదారు సార్లు కొట్టు. ఇప్పుడు గట్టిగయిందా? కాలు అట్లనే పెట్టి స్టార్ట్ చెయ్."

స్టార్ట్ చేశాను.

"పెడల్ కిందికి దిగిందా?"

"లేదు చాచా."

"దిగాలె. దమ్ నై హై ఇస్మే."

ఆరోగ్యంగా ఉన్న బూస్టర్ అయితే, ఇంజన్ స్టార్ట్ కాగానే కాలి కింద పెడల్ కొద్దిగా లోపలికి జారుతుంది. సాయం వచ్చిందని అదే గుర్తు. మాది కదల్లేదు. ఇన్నాళ్లలో నా కాలి మాటకు దొరికిన మొదటి సాక్ష్యం అదే.

అయినా చాచా వెంటనే బూస్టర్ మార్చేద్దామనలేదు. తప్పు నాలుగు చోట్ల ఉండొచ్చన్నాడు. పంపు, గొట్టం, వన్ వే వాల్వు, బూస్టర్. ముందు చవకైనవి చూడాలి. గొట్టం ఊడదీసి, ఇంజన్ నడుస్తుండగా దాని మూతికి బొటనవేలు పెట్టాడు. వేలు అతుక్కుపోయింది. అంటే పంపు, గొట్టం బాగున్నాయి. వన్ వే వాల్వును నోటితో ఊది చూశాడు. ఒకవైపు గాలి పోతోంది, రెండోవైపు పోవడం లేదు. అదీ బాగుంది. చివరికి పెద్దబాపు అడిగి మరీ గేజీ పెట్టించాడు. ఇంజన్ నడుస్తున్నంత సేపు ముల్లు లేచింది. ఆపగానే చూస్తుండగానే సున్నాకు పడిపోయింది.

"పాన్ లీకైనప్పుడు గిట్లనే పడేది" అన్నాడు పెద్దబాపు. ఫ్యాక్టరీ మూతపడ్డాక ఆయన ముఖంలో అంత వెలుగు నేను చూడలేదు.

మాయమైన బ్రేకాయిల్

చాచా ఇంకో ప్రశ్న అడిగాడు. "బ్రేకాయిల్ తగ్గుతుందా?"

బాపు తలూపాడు. ఏడాదిగా రెండు మూడు నెలలకోసారి కొంచెం పోస్తున్నాడట. చక్రాల దగ్గర తడి లేదు, నేల మీద చుక్క లేదు. ఎక్కడా కారడం లేదు కదా అని పట్టించుకోలేదు.

మాస్టర్ సిలిండర్ రెండు నట్లు విప్పి పక్కకు జరిపితే జవాబు కనబడింది. బూస్టర్ మూతి దగ్గర నల్లటి జిడ్డు. మాస్టర్ సిలిండర్ వెనక సీలు పాడై, ఆయిల్ బయటికి కాకుండా నేరుగా బూస్టర్ కడుపులోకి పోతోంది. లోపలి రబ్బరును మెల్లమెల్లగా చెడగొట్టింది. ఇది గుర్తుపెట్టుకోవాల్సిన సంగతి. బయట ఎక్కడా కారకుండా బ్రేకాయిల్ తగ్గుతుంటే అది ఆవిరైపోవడం లేదు, కనబడని చోటికి పోతోంది. మాస్టర్ సిలిండర్ సంగతి చూడకుండా కొత్త బూస్టర్ మాత్రం వేస్తే, కొన్నాళ్లకు దాని గతీ అంతే. అందుకే మాకు రెండూ మార్చాల్సి వచ్చింది.

పాత బండ్ల సామాను దగ్గర సెకండ్ హ్యాండ్ బూస్టర్ చవకగా దొరుకుతుందని తమ్ముడన్నాడు. చాచా ఒప్పుకోలేదు. "రేకు కనబడ్తది, లోపల రబ్బరు వయసు కనబడ్తదా?" అన్నాడు. మా మోడల్‌కు సరిపోయే కొత్తదే తెప్పించాం.

మార్చిన రోజు

పని సగం బానెట్ కింద, సగం డ్యాష్‌బోర్డు కింద. బ్రేకాయిల్ పైపులు విప్పే ముందు చాచా పాత గుడ్డలు పరిచాడు. బ్రేకాయిల్ పెయింటును తినేస్తుంది. పడితే వెంటనే నీళ్లతో కడగాలి. తర్వాత లోపల పెడల్ దగ్గర లాకు, పిన్ను తీసి, బూస్టర్‌ను పట్టి ఉంచే నాలుగు నట్లు విప్పాలి. ఆ చోట మనిషి తలకిందులుగా దూరాలి. ఫోన్ లైటు పట్టుకుని నిలబడ్డది నేనే.

కొత్త బూస్టర్ బిగించే ముందు చాచా చాలాసేపు చూసింది ఒక చిన్న కడ్డీ పొడవును. బూస్టర్ నుంచి మాస్టర్ సిలిండర్‌ను నెట్టే కడ్డీ అది. కొంచెం పొడవెక్కువైతే బ్రేకు ఎప్పుడూ కొద్దిగా పట్టే ఉంటుంది. చక్రాలు వేడెక్కుతాయి, ప్యాడ్లు కాలిపోతాయి. పొట్టిదైతే పెడల్ చాలా దూరం ఊరికే దిగి ఆ తర్వాత పట్టుకుంటుంది. దాన్ని కంపెనీ చెప్పిన కొలతకు సరిచేయాలి. కంటితో అందాజా వేస్తే సరిపోదు. మీరు పని చేయించుకునేటప్పుడు "పుష్ రాడ్ కొలత చూశారా అన్నా?" అని ఒక్క మాట అడగండి. తెలిసిన మెకానిక్ అయితే సంతోషంగా చూపిస్తాడు.

గొట్టం విషయం కూడా అంతే. వాక్యూమ్ గొట్టం లోపలికి పీల్చే ఒత్తిడిని తట్టుకోవాలి. మామూలు నీళ్ల పైపు ముక్క తొడిగితే లోపలికి అతుక్కుపోయి దారి మూసుకుంటుంది.

చివరగా బ్రేకుల్లో ఎయిర్ తీయడం. బ్రేకాయిల్ పైపు ఎక్కడ విప్పినా ఈ పని తప్పదు. ఆయిల్ నొక్కితే నలగదు, గాలి నలుగుతుంది. పైపులో గాలి బుడగ ఉంటే పెడల్ స్పాంజిలా దిగిపోతుంది. నేను సీట్లో, చాచా చక్రం దగ్గర.

"తొక్కు... పట్టు... పట్టే ఉండు... ఆఁ, వదులు."

ఆయన నిపుల్ బిగించాడని చెప్పేదాకా కాలు తీయకూడదు. తీస్తే మళ్లీ గాలి లోపలికి పోతుంది. నాలుగు చక్రాలూ అయ్యేసరికి నా పిక్క పట్టేసింది. డబ్బా మూత మీద రాసిన గ్రేడు బ్రేకాయిలే పోశాడు. ఇంజన్ ఆయిల్ లాంటిది ఒక్క చుక్క కలిసినా రబ్బర్లు ఉబ్బి మొత్తం పాడవుతుంది.

ఇదంతా చదివి మీరే పానా పట్టండి అనడం లేదు. బ్రేకు పని అలవాటున్న చేతులే చేయాలి. కానీ ఏం జరుగుతుందో తెలిసినవాళ్లకు ఎవరూ ఊరికే ప్యాడ్లు అంటగట్టలేరు.

బాపు కాలు ఎందుకు చెప్పలేదు?

నన్ను ఎక్కువగా ఆలోచింపజేసింది ఇదే. రోజూ నడిపిన మనిషికి ఎందుకు తెలియలేదు?

బూస్టర్ ఒక్కరోజులో చచ్చిపోలేదు. సీలు కొంచెం కొంచెం కారింది, రబ్బరు కొంచెం కొంచెం చెడింది. పెడల్ రోజూ ఎంత గట్టిపడితే, బాపు కాలు అంత గట్టిగా తొక్కింది. ముప్పయ్యేండ్లు ట్రాక్టరు తోలిన కాలు అది. సర్వో లేని బ్రేకుకు అలవాటైన కాలు. బండిలో తగ్గిన బలాన్ని తనే పూడ్చుకుంటూ వచ్చింది, ఆ సంగతి బాపుకే చెప్పలేదు. మోకాలు నొప్పి పెరుగుతుంటే వయసు అనుకున్నాడు. ఆ నొప్పిలో బ్రేకు వాటా ఎంతో మేం చెప్పలేం.

అంటే బలమైన కాలు లోపాన్ని దాచిపెట్టింది. బలం తక్కువున్న కాలు బయటపెట్టింది. షెడ్డు నుంచి వస్తూ బాపు ఒక్క మాటే అన్నాడు. "నువ్వు తొక్కకపోతే తెలుస్తుండె కాదు."

అందుకే ఇంట్లో అమ్మో, చెల్లో, కొత్తగా నేర్చుకుంటున్న తమ్ముడో బ్రేకు గట్టిగా ఉందంటే నవ్వకండి. ఒక్కసారి పరీక్ష పెట్టండి. నిమిషం పని.

బండి చదునైన చోట పెట్టి, హ్యాండ్ బ్రేకు వేసి, గేరు న్యూట్రల్‌లో ఉంచండి. ఇంజన్ ఆపి బ్రేకు ఐదారు సార్లు తొక్కండి, గట్టిపడుతుంది. కాలు అలాగే అదిమి ఉంచి స్టార్ట్ చేయండి. పెడల్ కొద్దిగా దిగితే సర్వో బతికే ఉంది. దిగకపోతే షెడ్డుకు వెళ్లండి.

తర్వాత ఇంజన్ రెండు నిమిషాలు నడిపి ఆపేయండి. అర నిమిషం ఆగి బ్రేకు తొక్కి చూడండి. మొదటి ఒకటి రెండు సార్లు మెత్తగా దిగాలి. మొదటిసారే రాయిలా ఉంటే వాక్యూమ్ నిలవడం లేదని అర్థం. బ్రేకు తొక్కి పట్టినంత సేపు పెడల్ దగ్గర బుస్సుమని శబ్దం ఆగకుండా వస్తున్నా అనుమానించాల్సిందే.

డీజిల్ మిగులుతుందని దిగుడులో ఇంజన్ ఆపేసి బండిని వదిలేవాళ్లకు ఒక మాట. ఇంజన్ ఆగితే డబ్బాలో మిగిలిన వాక్యూమ్ రెండు మూడు తొక్కులకే సరి. నాలుగోది మీ కాలి మీదే. నడుస్తుండగా సర్వో పోతే బ్రేకు అసలే పడదని భయపడి కాలు తీయకండి. పెడల్ వదలకుండా ఉన్న బలమంతా పెట్టి తొక్కండి, గేర్లు తగ్గించండి, పక్కకు ఆపండి. బ్రేకు ఉంటుంది, సాయమే ఉండదు.

కొత్త ఎలక్ట్రిక్ కార్లలో ఇంజన్ లేదు కాబట్టి వాక్యూమ్ కోసం కరెంటు పంపు ఉంటుంది, లేదా వాక్యూమ్ అవసరమే లేకుండా మోటారుతో నెట్టే బూస్టర్ ఉంటుంది. ఆ బండ్లకు పై పరీక్ష సరిపోకపోవచ్చు, డ్యాష్‌బోర్డు హెచ్చరిక లైటే చూడాలి. అయినా పెడల్ నిన్నటికన్నా బరువుగా ఉందని కాలు చెప్తే వినాల్సిందే.

ఇప్పుడు మా ఇంట్లో ఒక పద్ధతి వచ్చింది. నెలకోసారి బండికి పరీక్ష పెడతాం. పెడల్ మీద కాలు పెట్టేది అమ్మ. బండి నడపడం ఆమెకు రాదు, కానీ పెడల్ దిగిందో లేదో చెప్పడానికి డ్రైవింగ్ రానక్కర్లేదు కదా.